దాహాలరాయుడు

మిట్టమధ్యాహ్నం మళ్లీ తలుపు చప్పుడైంది.

"వచ్చాడు దాహాలరాయుడు!" విసుక్కుంటూ లేచింది బామ్మ.

ఆ పేరు ఆవిడ పెట్టిందే. ఎండలు ముదిరిన దగ్గర్నుంచి రోజూ ఇదే వరస. మేడమీద చిట్టచివరి గది ఆవిడది. పైకప్పు పెనంలా కాలుతుంది. ఫ్యాను వేస్తే వడగాలే.

"బామ్మగారూ, కాసిని మంచినీళ్లు."

"ఇన్ని మెట్లెక్కి నా కొంపకే రావాలా? కింద ఇళ్లు లేవూ?"

"మీ కుండ నీళ్ల రుచి ఎక్కడా లేదండీ. ముందు మీరు తాగండి."

"నాకు దాహం లేదయ్యా."

"పెద్దవాళ్లు తాగందే నాకు గొంతు దిగదు."

గొణుక్కుంటూనే గ్లాసుడు నీళ్లూ తాగేసేది. నాలుక ఎంత పిడచకట్టుకుపోయిందో అప్పుడుగానీ తెలిసేది కాదు.

అతను మాత్రం రెండు గుక్కలు తాగి లేచేవాడు.

"ఈ రెండు గుక్కలకేనా ఇంత ఆయాసం?" అని సాగదీసేది.

నవ్వి దిగిపోయేవాడు.

పేరడిగితే చనువిచ్చినట్టవుతుందని అడగలేదు. కానీ తిట్టడానికైనా రోజుకో మనిషి దొరికాడని ఆవిడకు లోలోపల సంతోషమే.

ఓ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు.

"పీడ విరగడైంది" అంది గోడతో. గోడ ఏమీ అనలేదు.

ఆ మర్నాడు రెండు గ్లాసులు కడిగి పెట్టుకుని కూర్చుంది. తలుపు చప్పుడు కాలేదు. ఒక్కదానికే తాగబుద్ధి కాలేదు. కళ్లు తిరిగినంత పనైతే భయమేసి, గ్లాసు ఎత్తి గటగటా తాగింది. గోడ పట్టుకుని మెట్లు దిగింది.

కింద ఇస్త్రీ చేసే ఆవిడ కనిపించింది.

"అమ్మాయ్, పొడుగ్గా, భుజాన తువ్వాలుతో ఒకతను..."

"బండి అబ్బాయా? మొన్న వడదెబ్బ కొట్టిందమ్మా. ఈ మెట్ల దగ్గరే కూలిపోయాడు. ఆస్పత్రికి చేరేలోపే..." ఆమె కళ్లు తుడుచుకుంది. "పోయినేడు పక్క మేడ పై గదిలో ఓ పెద్దావిడ ఒంటరిగా ఇలాగే పోయింది. తలుపు తోసి చూసింది అతనే. అప్పట్నుంచీ అదే బెంగ."

బామ్మ మెట్టుమీద కూలబడింది.

"అయ్యో, దాహమంటూ వచ్చేవాడు! కడుపునిండా తాగమని ఒక్కరోజైనా అనలేదే నేను!"

ఇస్త్రీ ఆవిడ తెల్లబోయింది.

"అతనికి నీళ్లకు కొదవేమిటమ్మా?"

ఆమె చూపించిన వైపు, ఆగినచోటే ఎండలో నిలిచి ఉన్న అతని బండి నిండా మూత తీయని మంచినీళ్ల క్యాన్లు.