పళ్ళ తాతగారు

దర్జీగారికి పెళ్ళాం మాట తప్ప లోకంలో అందరి మాటా చెవికెక్కుతుంది.

బస్సులో పక్కసీటాయన చెప్పాడని చెప్పుల సైజు మార్చారు. కూరలమ్మే ఆవిడ చెప్పిందని కుడిపక్కకి తిరిగి పడుకోవడం మానేశారు. ఇంట్లో ఇల్లాలు మాత్రం ముప్పై ఆరేళ్ళుగా "దారం పళ్ళతో కొరక్కండి, కత్తెర పక్కనే ఏడ్చింది" అంటూనే ఉంది. ఆ మాట కుట్టుమిషను చప్పుడులో కలిసిపోతూనే ఉంది.

ఇప్పుడా పళ్ళే కదులుతున్నాయి. కింది వరసలో ముందువి ఆరు.

"మూడు నెలలు వారం వారం వస్తే చిగుళ్ళు శుభ్రం చేసి పళ్ళు నిలబెట్టడానికి చూస్తాను. అంత ఓపిక లేదంటే తీసేసి కట్టుడుపళ్ళు పెడదాం. బయట కూర్చుని ఆలోచించుకోండి," అంది డాక్టరమ్మ.

బయట బెంచీ మీద ఓ ముసలాయన. ఒళ్ళో గుడ్డసంచి. చూపంతా దర్జీగారి నోటి మీదే.

"మీరు దర్జీ కదూ?"

దర్జీగారు ఉలిక్కిపడ్డారు. "ఎలా తెలిసిందండీ?"

"పంటి మీద రాసుందిగా! ఆ మధ్య పంటికి సన్నటి గాడి. దారం కోసిన గాడి. అలాంటి పన్ను పీకించుకుంటారా ఎవరైనా? కదిలే పన్నైనా మీది మీదే. మూడు నెలలు తిరగండి. తోమేటప్పుడు మాడిన గిన్నె రుద్దినట్టు రుద్దకండి. చిగురు మీంచి మెల్లగా, ఇలా. నాకిప్పుడు ఎనభై ఒకటి."

నవ్వాడు. రెండు వరసలూ నిండుగా ఉన్నాయి.

దారినపోయే మనిషికి తన మొగుడి పళ్ళ మీద ఇంత బెంగ ఎందుకో పక్కనే కూర్చున్న ఇల్లాలికి అంతుపట్టలేదు.

"మీరూ డాక్టరేనా?"

"అబ్బే, కాదమ్మా."

"పోనీ, చూపించుకోడానికొచ్చారా?"

"ఈ పళ్ళతో నాకేం పేచీ లేదమ్మా."

"మరి?"

ఆయన జవాబు చెప్పేలోగా కౌంటరులో ఆవిడ పిలిచింది. "పళ్ళ తాతగారూ, మిమ్మల్నే! డాక్టరుగారు రమ్మంటున్నారు."

"ఓహో, పళ్ళవారా!" ఇల్లాలికి ప్రాణం కుదుటపడింది.

"అవునమ్మా. ఈ వీధిలో నా పళ్ళు లేని ఇల్లు లేదు," అన్నాడాయన లేస్తూ.

"తియ్యగా ఉంటాయా మరి?"

ఈసారి అయోమయం తాతగారి వంతయింది.

"వాటికి రుచేముంటుంది తల్లీ? ఎంత చేసినా సొంత పళ్ళకి సాటిరావు."

సంచి చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

సొంత పళ్ళంటే పెరట్లో కాసినవి కాబోలు అనుకుంది ఇల్లాలు. అయినా తన సరుక్కి రుచి లేదని తనే చెప్పుకునే వ్యాపారిని ఆవిడ ఇంతవరకూ చూడలేదు.

"పెద్దాయన మాట బాగానే ఉందే. మూడు నెలలేగా," అన్నారు దర్జీగారు.

"మీకు వీధిలో ఎవరు చెప్పినా బాగానే ఉంటుంది! పళ్ళమ్ముకునే ఆయనండీ! అందరూ నోరు బోసి చేసుకుంటే ఆయన జామపళ్ళు ఎవరు కొరుకుతారు? ఆయన బేరం పోకూడదని మీరు మూడు నెలలు మూలుగుతారా? అవతల బడి యూనిఫారాలు నూటపాతిక జతలు నెత్తిమీదున్నాయి. ఈ ఒక్కసారైనా నా మాట వినండి. పీకించేసుకోండి."

దర్జీగారు లోపలి తలుపు వైపు చూశారు. ఇల్లాలి వైపు చూశారు.

ఏమనుకున్నారో ఏమో, విన్నారు.

చిగుళ్ళు ఆరడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఆయన "సూది" అంటే "షూది" అని వినిపించింది. అలవాటు కొద్దీ దారం నోటి దాకా వెళ్ళేది. దారి తప్పినట్టు అక్కడే ఆగేది. నెమ్మదిగా దిగి కత్తెర దగ్గరికొచ్చేది.

ముప్పై ఆరేళ్ళ పోరు గెలిచినా ఇల్లాలికి సంతోషం ఎందుకు కలగలేదో ఆవిడకే తెలియలేదు.

కొత్త పళ్ళు పెట్టించుకునే రోజు డాక్టరమ్మ చేతికి అద్దమిచ్చింది. దర్జీగారు ఈ... అన్నారు. ఇల్లాలు వంగి చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.

మధ్య పంటికి సన్నటి గాడి.

"ఇదేంటండీ? పీకినవే మళ్ళీ పెట్టేశారా?"

డాక్టరమ్మ నవ్వింది. "కొత్తవేనమ్మా. చేసినాయన ఆ రోజు బయట చూసి గుర్తుపెట్టుకున్నారట. నాలిక పాత చోటు వెతుక్కుంటుంది, దొరక్కపోతే బెంగపెట్టుకుంటుందని ఆ గాడి పెట్టారు. దానితో దారం మాత్రం కొరకొద్దన్నారు."

"బయట చూశారా? ఎవరండీ ఆయన?"

"మీ పక్కనే కూర్చున్నారుగా, మా పళ్ళ తాతగారు! నలభై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల కట్టుడుపళ్ళన్నీ ఆయన చేతివే. ఆ బెంచీ మీద కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ పీకించుకోవద్దని చెప్పి తన పని తనే చెడగొట్టుకుంటారు. పైవరస కోసం మాత్రం తన దగ్గరికి రావద్దని మీకు మరీ మరీ చెప్పమన్నారు."

దర్జీగారు నాలికతో గాడి తడుముకుంటున్నారు. ఇల్లాలు అద్దం బోర్లించింది.

"ఏమండీ, ఇన్నేళ్ళలో మీరు నా మాట విన్నది ఒక్కసారి. ఆ ఒక్కసారీ నేనే తప్పు చెప్పాను."