పక్క వేషం

మార్వెల్లా తన చోటు కాజేయడానికే వచ్చిందని ఎర్నెస్టీన్‌కి చాలా తొందరగానే అర్థమైంది.

లేకపోతే నాటకంలో లేని వేషం ఎక్కడినుంచి ఊడిపడుతుంది?

వాళ్ళు ఆడబోయేది ఒక పాత నాటకం ఎలా పుట్టిందో చెప్పే కథ. వందేళ్ళ కిందట నల్లవాళ్ళే రాసుకుని, వాళ్ళే పాటలు కట్టుకుని, అరువు బట్టలతో ఊరూరా ఆడి, చివరికి పెద్ద నాటకశాలలుండే బ్రాడ్‌వే ఎక్కించిన సంగీత నాటకం అది. అందులో కథానాయికగా ఆడిన లవీనియా ముసలితనంలో కుర్చీలో కూర్చుని అప్పటి సంగతులు చెబుతుంది, పాడుతుంది. ఆ లవీనియా వేషం ఎర్నెస్టీన్‌ది.

నల్లవాళ్ళ పేట హార్లెంలో ఆమె గొంతు తెలియనివాళ్ళు లేరు. అయినా బ్రాడ్‌వేలో ఇన్నేళ్ళూ ఆమెకి దొరికినవి పనిమనిషి వేషాలే. ట్రే పట్టుకుని రావడం, ఒక మాట అనడం, వెళ్ళిపోవడం. డెబ్బై దాటాక ఇప్పుడు మొదటిసారి పోస్టర్ మీద ఆమె పేరు అందరికన్నా పైన పడింది.

సరిగ్గా అప్పుడే డైరెక్టర్ పెటిఫర్డ్ ఈ పిల్లని తీసుకొచ్చాడు. లవీనియాకి తోడుండే మేనకోడలట. ప్రతి సీనులోనూ కుర్చీ పక్కనే నిలబడుతుందట. మాటలు మాత్రం ఉండవట.

ఎర్నెస్టీన్ ఒకసారి ఆ పిల్ల కూనిరాగం విన్నది. చర్చిలో పెరిగిన గొంతు, గది నిండిపోయింది. అలాంటి గొంతు పెట్టుకుని మాట కూడా లేని వేషానికి ఎవరైనా ఊరికే ఒప్పుకుంటారా?

మాటల్లేని మనిషికి పెదాలు కదలడం ఇంకా విచిత్రం. ఎర్నెస్టీన్ ఓరకంట గమనించింది. తన మాటలన్నీ ఆ పిల్లకి కంఠతా వచ్చు. ఒక్కోసారి తను నోరు తెరవకముందే అనేసేది కూడా, తనొక్కదానికే వినబడేంత మెల్లగా.

“నా మాటలు నువ్వెందుకే అంటున్నావు?” అని ఒకరోజు నిలదీసింది.

“పొరపాటైంది మిస్ ఎర్నెస్టీన్. ఇంక అనను,” అంది మార్వెల్లా తల దించుకుని.

మర్నాడు మళ్ళీ అంది.

పొద్దున్నే హార్లెంలో ఎర్నెస్టీన్ ఇంటి మెట్ల దగ్గర కనబడేది. ఇటేపు పనుండి వచ్చాననీ, సబ్‌వే రైల్లో కలిసి వెళ్దామనీ అనేది. ఆ పిల్ల ఉండేది ఎక్కడో దూరాన బ్రూక్లిన్‌లో. రోజూ హార్లెంలో దానికేం పని? తన నడక, తన ఊతపదాలు, తను ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో అన్నీ పట్టేస్తోంది అనుకుంది ఎర్నెస్టీన్.

ఒక మధ్యాహ్నం కాఫీ కోసం వెళ్తూ, తెర వెనక ఇద్దరి మాటలు విని ఆగిపోయింది.

“ఆవిడకి అనుమానం వచ్చింది సార్. నన్ను చూస్తేనే మండిపడుతున్నారు,” అంటోంది మార్వెల్లా.

“ఓర్చుకో. నేను మాటిచ్చాను, తప్పలేను,” అన్నాడు పెటిఫర్డ్.

ఎవరికిచ్చాడు మాట? డబ్బు పెట్టినవాళ్ళకే అయ్యుంటుంది. ముసలిదాని పేరు చెప్పి టిక్కెట్లు అమ్ముకుని, తెర లేచే రోజుకి పడుచుపిల్లని కుర్చీలో కూర్చోబెడతారు. ఎర్నెస్టీన్‌కి కాఫీ తాగాలనిపించలేదు.

ఆ వారమే డబ్బు పెట్టినవాళ్ళు రిహార్సల్ చూడ్డానికి వచ్చారు. ప్రేమపాట మొదలైంది. నాటకానికి ప్రాణం అదే. ఆ రోజుల్లో నల్లవాళ్ళు స్టేజీ మీద గెంతవచ్చు, నవ్వించవచ్చు. కానీ ఒక ఆడా మగా చెయ్యీ చెయ్యీ పట్టుకుని మనసారా పాడుకుంటే ముందు వరసలో తెల్లవాళ్ళు ఏం చేస్తారో ఎవరికీ తెలియదు. లవీనియా వణుకుతూనే పాడింది. ఆ వణుకు ఎర్నెస్టీన్ గొంతులోకి వచ్చేసరికి చూసేవాళ్ళు కదలడం మానేశారు.

మొదటి చరణం అయింది. ఎర్నెస్టీన్ కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగింది. ఆ సందులో మార్వెల్లా ఆమె భుజం మీద చెయ్యి వేసి, రెండో చరణం ఎత్తుకోబోయింది.

ఎర్నెస్టీన్ ఆ చేతిని విసిరికొట్టింది. పియానో ఆగిపోయింది.

“ఇది ఉంటే నేను ఉండను. ఇప్పుడే తేల్చండి,” అంది అందరి ముందూ.

మార్వెల్లా కళ్ళు తుడుచుకుంది కానీ పక్కనుంచి కదల్లేదు. మిగతా నటులు నేల చూపులు చూశారు. పెటిఫర్డ్ అందరినీ కాసేపు బయటికి వెళ్ళమని చెప్పి, ఎర్నెస్టీన్‌ని చెయ్యి పట్టుకుని మేకప్ గదిలోకి తీసుకెళ్ళి తలుపు మూశాడు.

ఆమె కడుపులో ఉన్నదంతా కక్కేసింది. ట్రేలు మోసిన ఏళ్ళన్నీ ఏకరువు పెట్టింది. తన కుర్చీ కావాలంటే మొహం మీదే అడగాల్సిందనీ, ఇలా పక్కలో పామును పెట్టాల్సిన పని లేదనీ అంది. తప్పలేనన్న ఆ మాట ఎవరికిచ్చావో ఇప్పుడైనా చెప్పమంది.

పెటిఫర్డ్ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ పట్టుకున్నాడు.

“‘నాకు మాటలు జారిపోతున్నాయి నాయనా, అందించడానికి ఒక పిల్లని నా పక్కనే నిలబెట్టు, రేపు నేనే మరిచిపోయి దాన్ని తిట్టినా తీసెయ్యకు’ అని ఈ గదిలోనే నాచేత ఒట్టు వేయించుకున్నది మీరే, మిస్ ఎర్నెస్టీన్,” అన్నాడు.