పరీక్షకు పనికొచ్చేది

"ఆ డబ్బా ఇటివ్వు," అంది వేదవతి. దుకాణదారుతో కాదు, పక్కన నిలబడ్డ మనిషితో.

అతడు తిరిగి చూశాడు. యాభై దాటిన మనిషి. డ్రైవర్లు వేసుకునే వెలిసిన నీలం చొక్కా. చేతిలోని చీటీ మీది అక్షరాలనూ, గ్రాఫ్ కాలిక్యులేటర్ డబ్బా మీది అక్షరాలనూ వేలుపెట్టి ఒక్కొక్కటే సరిపోల్చుకుంటూ, తెలుగులో తనలో తాను గొణుక్కుంటున్నాడు.

శనివారం మధ్యాహ్నం. ఆ అరబ్బు నగరపు అల్ ఘర్రాఫా పేటలో ఆ మోడల్ మిగిలింది ఆ స్టేషనరీ దుకాణంలోనే, అదీ ఒక్కటే.

మర్నాడు ఉదయం వేదవతి కొడుకు చైతన్యకు పన్నెండో తరగతి లెక్కల పరీక్ష. గ్రాఫు గీసే యంత్రం చేతిలో లేకపోతే ఆ పేపర్లో సగం ప్రశ్నలు కదలవు.

వాడిది గురువారం పోయింది. బస్సులో మరిచిపోయానేమో అన్నాడు వాడు. ఆ మాట వేదవతికి నచ్చలేదు. ఆమె కొడుకు మరిచిపోడు, ఇతరులు కాజేస్తారు. బస్సువాళ్ళ పనేనని ఆ సాయంత్రమే స్కూలుకు ఫిర్యాదు రాసింది. పరీక్షకు ఏ కాలిక్యులేటర్లు పనికొస్తాయో స్కూలు పంపిన నోటీసును మాత్రం ఇంతవరకూ తెరవలేదు.

"నీకెందుకయ్యా ఇది? పెట్రోలు లెక్కలు కట్టుకోవడానికా?"

"రేపు ఒక పిల్లోనికి పరీక్ష ఉండాది మేడమ్."

"నీ కొడుకా? ఈ దేశంలో చదివిస్తున్నావా?"

"నా కొడుకు కాదు మేడమ్."

"అయితే యజమాని కొడుకన్నమాట. మీ యజమానికి ఇంకో దుకాణం దొరుకుతుంది. ఇటివ్వు."

"ఇంగ యాడా లేదు మేడమ్. పొద్దున్నించి తిరగతానే ఉండా." అతడు కాస్త తటపటాయించాడు. "మీ పిల్లోనిది ఏ స్కూలు మేడమ్? పేరేంది?"

"నా కొడుకు పేరు నీకు చెప్పాలా?"

అతడు తల దించుకున్నాడు. డబ్బాను మాత్రం వదల్లేదు.

దుకాణంలో పనిచేసే ముజఫ్ఫర్ అలీ నవ్వుతూ మధ్యలోకి వచ్చాడు. "గొడవెందుకు మేడమ్? దానికంటే గొప్పది ఉంది. రంగుల తెర. సమీకరణం ఇస్తే చాలు, మొత్తం అదే సాధించి పెడుతుంది."

"అదే ఇవ్వండి. అందరికీ అందుబాటులో ఉండేది మాకెందుకు?"

"వద్దు మేడమ్, అది తీసుకోవాకండి!" అన్నాడా మనిషి గాభరాగా. "లెక్కంతా అదే చేసేసేదాన్ని పరీక్షలోకి రానీరంట. లెక్కల సారు చెప్పినాడు. ఇదో, ఆయన రాసిచ్చిన చీటీ. సూడండి, మీకు పున్నెముంటాది."

వేదవతి చీటీ వైపు చూడలేదు.

"లెక్కల్లో నీ దగ్గర సలహా తీసుకునే గతి నాకింకా పట్టలేదు," అంది.

ముజఫ్ఫర్ అలీ రంగుల తెర డబ్బాకు బిల్లు కొట్టాడు. ఖరీదైన సరుకును వద్దనడం అతని ఉద్యోగంలో భాగం కాదు.

అల్ తుమామాలోని ఇంట్లో చైతన్య కొత్త డబ్బా తెరిచి ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"పాతదాని లాంటిదే తెమ్మన్నాను కదమ్మా. దీన్ని ఒప్పుకోరేమో."

"మీ క్లాసులో ఎవరి దగ్గరా లేనిది తెచ్చాను. చూసి కుళ్ళుకుంటారు గాని ఆపుతారా?"

ఆపారు.

ఆ దేశంలో పనిదినమైన ఆదివారం ఉదయం పరీక్ష హాలు గుమ్మం దగ్గరే దాన్ని తీసుకుని పక్కన పెట్టారు. స్కూలు దగ్గరున్న రెండు మూడు అదనపు కాలిక్యులేటర్లు, మరిచిపోయి వచ్చిన పిల్లలు అప్పటికే పట్టుకుపోయారు. చైతన్య ఉత్త చేతులతో కూర్చుని, రాయగలిగినంత రాసి, బయటికి వచ్చి తల్లి వైపు చూడకుండా కారెక్కాడు.

వేదవతి నేరుగా బస్సుల వ్యవహారం చూసే మెహ్విష్ గదికి వెళ్ళింది. తన తప్పును ఒప్పుకోవడానికి కాదు, దాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టడానికి.

"మీ బస్సులో దొంగతనం జరగకపోతే నా కొడుక్కీ గతి పట్టేదా? నా ఫిర్యాదు ఏం చేశారు?"

"వెంటనే చర్య తీసుకున్నాం మేడమ్," అంది మెహ్విష్ వినయంగా. "నిన్న సాయంత్రమే డ్రైవర్ని పిలిపించాం. బాబు దాన్ని సీటు మీద వదిలేసి దిగాడట. అది జారి కింద పడితే డ్రైవరు చూసుకోకుండా తొక్కేశాడట. దొరికిపోయినవాళ్ళు ఏదో ఒకటి చెబుతారు కదా. బస్సు కంపెనీవాళ్ళు ఉద్యోగం తీసేసి, ఈ పొద్దున స్వదేశానికి విమానమెక్కించారు."

"మరి వస్తువు?"

"తిరిగిచ్చేశాడు. పరీక్ష మొదలయ్యేలోపు బాబు చేతికి అందించమని ఒకటే బతిమాలాడు. దొంగసొత్తు కదా మేడమ్, మీరు వచ్చి గుర్తుపట్టేదాకా ఎవరికీ ఇవ్వకూడదని సీలు వేసి బీరువాలో పెట్టాం."

బీరువాకూ పరీక్ష హాలుకూ మధ్య ఒక్క గోడే అడ్డం.

వేదవతి కవరు చింపింది. లోపల పగిలిన పాత కాలిక్యులేటర్ ఉంది. దాని మూత మీద చైతన్య తన పేరు గీసుకున్న గీతలున్నాయి. దానితోపాటు అదే మోడల్ కొత్తది ఒకటి, పైకాగితమైనా చింపకుండా ఉంది.

"మీదేనని సంతకం చేస్తే ఫైలు మూసేస్తాం," అంది మెహ్విష్.

ఆమె ముందుకు జరిపిన ఫిర్యాదు కాగితం మీద, 'డ్రైవర్ షేక్ రసూల్' అన్న పేరు పక్కన, అల్ ఘర్రాఫా దుకాణంలో వేదవతి కొడుకు కాలిక్యులేటర్‌ను వేదవతికి దక్కనివ్వకుండా కాపాడిన మనిషి ఫొటో అంటించి ఉంది.