మనవాళ్ళ పదో ఆల్బం

“ఐదో ఆల్బంతోనే మనవాళ్ళ పని అయిపోయిందమ్మా. ఆ తర్వాతవన్నీ ఉప్పు లేని కూరలు,” అన్నారు పియానో మాస్టారు.

కళ్ళజోళ్ళ షాపాయన వెంటనే వంత పాడాడు. వకీలుగారు మెడ పట్టేస్తుందేమో అన్నంత గట్టిగా తల ఊపారు. డ్రైవింగ్ టీచరు మాత్రం కుర్చీ అంచున కూర్చుని, నోటిదాకా వచ్చిన మాటను టీతోపాటు మింగేసింది.

‘మనవాళ్ళు’ అంటే జానపదాలకు గిటార్లూ డ్రమ్సూ తగిలించి, జుట్టు నెరిసినా ఊరూరా తిరిగి పాడుతున్న ఒక బృందం. ఇంట్లో మనిషిని పూర్తి పేరు పెట్టి పిలవనట్టే, అభిమానులెవరూ దాన్ని అసలు పేరుతో పిలవరు.

డ్రైవింగ్ టీచరు ఈ ఊరికి వచ్చి చాన్నాళ్ళయింది. పక్క సీట్లో వణికిపోయే వాళ్ళకి “బ్రేకు, బ్రేకు” అని చెప్పడమే తప్ప, ఎవరితోనూ నాలుగు మాటలు సాగింది లేదు. అలాంటిది, కళ్ళద్దాలు మార్చుకుందామని షాపుకెళితే కౌంటరు వెనక మనవాళ్ళ పదో ఆల్బం మోగుతోంది. పాట అయ్యేదాకా ఆమె కదల్లేదు. ఆ వాలకం చూసే షాపాయన, ఆదివారాలు మాస్టారింట్లో కలుస్తాం రమ్మన్నాడు. వచ్చే నెల పక్క ఊళ్ళో మనవాళ్ళ కచేరీ ఉందనీ, వకీలుగారి కారులో ఇంకొక సీటు ఖాళీ అనీ కూడా చెప్పాడు. ఆ సీటు మీద ఆమెకు ఆశ పుట్టింది. కచేరీకి బస్సులోనైనా వెళ్ళొచ్చు. కానీ వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆ పాటల గురించే మాట్లాడుకోవడానికి మనుషులు కావాలి. పైగా వేరెవరో నడుపుతుంటే వెనక సీట్లో కూర్చోవడమంటే ఆమె వృత్తిలో వాళ్ళకి అదొక భోగం.

తీరా వస్తే ఇదీ వరస. షాపులో కళ్ళు మూసుకుని విన్న పాటనే ఇక్కడ ఆ షాపాయనే చీల్చి చెండాడుతున్నాడు. అదీ మామూలు గొంతుతో కాదు. ఈ ఇంట్లో అందరూ దెబ్బలాటకు దిగినట్టే మాట్లాడుతున్నారు. అభిమానం ముదిరితే ఇంతేనేమో అనుకుంది.

మాస్టారిది మాత్రం మాటల్లో కూడా లెక్క తప్పని తీరు. జీవితమంతా పియానోలకు శ్రుతి చేసిన మనిషి. ఆయన సరే అనేదాకా ఏ కచేరీ హాల్లోనూ పియానో మూత తీసేవాళ్ళు కాదట. ఇప్పటి పియానోలు శ్రుతికి నిలవవని విసుగొచ్చి ఆ పని మానేశారు. కొత్త ఆల్బములదీ అదే రోగమంటారు. మాటలు నమిలి మింగేస్తున్నారనీ, తాళాలు నీళ్ళలో కొట్టినట్టున్నాయనీ ఆయన విడమరిచి చెబుతుంటే, మిగతా ఇద్దరూ తానా అంటే తందానా అంటున్నారు.

చివరికి మాస్టారే పదో ఆల్బం పెట్టించారు. “నువ్వే విను. ఆ మూడో పాటలో ఏముందో చెప్పు.”

పాట సగానికొచ్చింది. ఆమె ఇక ఆగలేకపోయింది.

“ఇక్కడేనండీ. గాయకుడి గొంతు పైకి వెళ్ళలేక ఆగిపోతుంది. మిగిలిన చరణం వేణువు అందుకుంటుంది. అన్నేళ్ళు కలిసి పాడినవాళ్ళకి తప్ప అలా అందుకోవడం రాదు. ఈ ఊరికి కొత్తలో నేను ఆ వేణువు వింటూనే రోజులు గడిపాను.”

మాస్టారు ఆమె మొహంలోకే చూస్తున్నారు. “వేణువా? అక్కడుంది ఖాళీ. పాడలేక వదిలేశాడు.”

“వినపడుతోంది కదండీ. ఇప్పుడు కూడా.”

మాస్టారు వకీలుగారి వైపు తిరిగారు. “మీరు చెప్పండి. ఉందా?”

వకీలుగారు బోనులో సాక్షిలా చెయ్యెత్తారు. “లేదు మాస్టారూ. అంతా ఖాళీయే.”

“ఏదో వేరే పాటతో కలిపేసుకుంటోంది,” అని షాపాయన అరిచాడు. మాస్టారి భార్య గబగబా వచ్చి పాట ఆపేసింది. టీలు చల్లారిపోతున్నాయంది. కప్పులన్నీ అప్పటికే ఖాళీగా ఉన్నాయి.

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి, చిన్నపిల్లను ఊరడించినట్టు నవ్వారు. బాగా ఇష్టమైనచోట మనసే ఖాళీలు పూరించుకుంటుందని, అందులో తప్పేమీ లేదని చెప్పారు.

డ్రైవింగ్ టీచరు లేచి నిలబడింది. ఉన్నదాన్ని లేదని ఒప్పుకుని కారులో సీటు సంపాదించాల్సిన అవసరం ఆమెకు కనపడలేదు. వెళ్ళొస్తానని చెప్పి మెట్లు దిగింది. కింది మలుపు దగ్గరికొచ్చేసరికి వెనక నుంచి ఆయాసం వినిపించింది. వకీలుగారు.

“వచ్చే ఆదివారం మానకమ్మా.”

“ఎందుకండీ, మళ్ళీ అబద్ధాలకోరుని అనిపించుకోవడానికా? ఆయనకి నచ్చదు, సరే. మీ ఇద్దరికీ సొంత అభిప్రాయమంటూ ఉండదా?”

వకీలుగారు మెట్టు మీద కూలబడ్డారు. ఆ మూడో పాట తన కారులో రోజూ మోగుతుందని చెప్పారు. ఆ చోటు వచ్చినప్పుడు కారు పక్కకి ఆపుకుంటానని కూడా ఒప్పుకున్నారు.

ఆమెకు ఒళ్ళు మండింది. “మరి పైన చెయ్యెత్తి ఆ మాటెలా అన్నారు?”

ఆయన ఒకసారి తల తిప్పి పైనున్న తలుపు వైపు చూశారు. మధ్యాహ్నం నుంచి మొదటిసారిగా గొంతు తగ్గించారు.

“ఆ వేణువు మా అందరికీ వినపడుతుందమ్మా, ఒక్క మాస్టారికి తప్ప.”