మూడడుగుల గుమ్మం

“టేపు కొస గట్టిగా పట్టుకో సుందరీ, జారనివ్వకు,” అన్నాడు చిదంబరం, వీధి గుమ్మానికి ఇవతలి పక్క వంగి కళ్లజోడు సర్దుకుంటూ.

“పట్టుకునే ఉన్నానండీ. ఇంతకన్నా గట్టిగా ఎలా పట్టుకోను?” అంది అవతలి పక్క నుంచి ఆయన భార్య త్రిపురసుందరి.

“ముప్పై ఆరు అంగుళాలు. సరిగ్గా మూడడుగులు.”

మళ్లీ కొలిచాడు. మళ్లీ ముప్పై ఆరే. నాచారం ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి. ఒక్కసారి కొలిచి ఊరుకుంటే ఆయనకు అన్నం సహించదు. ఎంత వెతికినా స్టీలు టేపు కనిపించక, సుందరి కుట్టుమిషను డ్రాయరులోని గుడ్డ టేపుతో సరిపెట్టుకోవలసి రావడమే కాస్త నామోషీగా ఉంది.

“అయితే ఆ భూతం బయటికి పోతుందిగా?” అంది సుందరి.

“వెడల్పు ముప్పై అయిదు పెడతాను. అంగుళం ఖాళీ. దర్జాగా వెళ్తుంది.”

“పోతే చాలు. కొబ్బరికాయ కొడతాను.”

భూతమంటే హార్న్ స్పీకరు పెట్టె. ప్లైవుడ్‌తో చేస్తారు. లోపల దారి మడతలు మడతలుగా తిరిగి, చివర పెద్ద నోరు తెరుచుకుంటుంది. నోరు ఎంత పెద్దదైతే మృదంగం అంత నిండుగా మోగుతుందని చిదంబరం ఇంటర్నెట్‌లో చదివాడు. సైనిక్‌పురిలో ఉండే స్నేహితుడు కనకరాజు తన పాత పదిహేనంగుళాల స్పీకరు ఇచ్చి, “పెట్టె నువ్వు చెయ్యి, మా హాల్లో పెడదాం. రోజూ సాయంత్రం పాత పాటలు విందాం” అన్నాడు. రిటైరయ్యాక ఆరు నెలలు టీవీ ముందు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్న చిదంబరానికి ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది.

చిల్కానగర్ నుంచి కార్పెంటరు కొమురెల్లి వచ్చాడు. ఉప్పల్‌లోని ఆ రెండో అంతస్తు అద్దె ఇంట్లో హాలు నిండా ప్లైవుడ్ పరిచాడు.

“దర్వాజ నేను గూడ ఒకపారి కొలుస్త సార్,” అన్నాడు మొదటిరోజే.

“నేను రెండుసార్లు కొలిచాను. నా కొలత మీద కొలతా?”

కొమురెల్లి రంపం అందుకున్నాడు.

మూడు వారాలు ఇల్లు ఇల్లులా లేదు. పొట్టు, గమ్ము వాసన, సుత్తి దెబ్బలు. మంచం మీద కూడా రంపపుపొట్టేనని సుందరి రోజుకు నాలుగుసార్లు సాధించింది. చిదంబరం మాత్రం గరుకు కాగితంతో అంచులు రుద్దుతూ, పెళ్లయిన కొత్తలో పాడిన పాటలన్నీ వరసగా తీశాడు.

“సార్ మస్తు పాడుతుండమ్మా! ఇంటున్నరా?” అన్నాడు కొమురెల్లి చాయ్ గ్లాసు అందుకుంటూ.

“వినక చస్తానా? నా ఖర్మ!” అంది సుందరి. ఈ గోలకు తోడు కుక్కరు కూతలు కూడానా అని స్టవ్ కట్టేసింది.

“ఆదివారం దాకా ఓర్చుకో,” అన్నాడు చిదంబరం. “తర్వాత పెట్టె అక్కడ, నేనూ అక్కడే. నాలుగింటికి వెళ్తే రాత్రి భోజనానికి వస్తాను. సాయంత్రమంతా ఇల్లు నీదే.”

“అబ్బ, ఎంత హాయి!” అంది సుందరి. ఎప్పుడో కలిసిపోయిన పిండిని కలుపుతూనే ఉంది.

శనివారం సాయంత్రం స్పీకరు బిగించి మొదటి పాట పెట్టారు. మృదంగం గుండెల్లో మోగింది. కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి.

“ఎలా ఉంది?” అన్నాడు చిదంబరం, పరీక్ష రాసిన పిల్లాడిలా.

“చెవులు పగిలాయి. ఇంకో పాట కూడా వేస్తారా ఏమిటి?”

నాలుగు వేశాడు.

ఆదివారం పొద్దున్నే కనకరాజు ట్రాలీ ఆటోతో, ఇద్దరు మనుషులతో దిగాడు. కొమురెల్లి ఒక చెయ్యి వేశాడు. పెట్టె గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. పక్కకు తిప్పారు, బోర్లించారు. మిగతా వైపులు ఇంకా పెద్దవి, ఎటు తిప్పినా అంతే. కొమురెల్లి జేబులోంచి స్టీలు టేపు లాగాడు.

“సార్, గిది ముప్పై మూడే ఉన్నది!”

“ముప్పై ఆరయ్యా! రెండుసార్లు కొలిచాను.”

“గుడ్డ టేపు గద సార్, సాగుంటది.”

“సాగితే తక్కువ చూపించాలి. ఎక్కువ ఎలా చూపిస్తుంది?”

“అవన్నీ ఇప్పుడెందుకు? ముందు కాఫీలు తాగండి,” అంది సుందరి.

“పెట్టె కొంచెం కోస్తే?” అన్నాడు కనకరాజు.

“లోపట మడతలన్నీ ఖరాబైతయ్ సార్. లేకుంటే దర్వాజ చౌకట్ పీకాలె.”

“అద్దింటి గుమ్మం పీకుతారా? ఓనరు ఊరుకుంటాడా?” సుందరి గయ్యిమంది.

చిదంబరం కుర్చీలో కూలబడ్డాడు. “ముప్పై ఏళ్లలో ఎన్నడూ తప్పలేదు కనకరాజూ. నీకిచ్చిన మాట పోయింది.” ఆ ముఖం చూసి సుందరి మనసు చివుక్కుమంది.

“మాట ఎక్కడికి పోతుందండీ?” అంది. “పెట్టె రాకపోతే మీరే రండి, అన్నయ్యగారూ. సాయంత్రాలు ఇక్కడే వినండి. పకోడీలు నేను వేస్తాను.”

“మీకు ఈ గోల పడదు కదమ్మా?”

“ఏం చేస్తాం? కొన్నాళ్లు పడాలి.”

ఆ సాయంత్రమే పాటలు మొదలయ్యాయి. కనకరాజు తల ఊపుతున్నాడు. చిదంబరం మాత్రం కొమురెల్లి దగ్గర అడిగి ఉంచుకున్న స్టీలు టేపు పక్కన గుడ్డ టేపు పరిచి, అంగుళం అంగుళం చూస్తున్నాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

“విచిత్రంగా ఉందే!” అన్నాడు.

“చాల్లెండి, ఆ టేపు ఇలా ఇచ్చి పాట మార్చండి,” అంటూ సుందరి పకోడీల పళ్లెం ఆయన ముందు పెట్టి, పక్కనే కూర్చుంది.

గుమ్మం కొలిచిన రోజు ఆ టేపు మొదటి మూడంగుళాలు ఆమె గుప్పిట్లో ఉన్నాయి.