నలగని నిమ్మకాయ

"వీడియోలు చూసి నువ్వు చక్రాలు విప్పిన బండి నేనెక్కనే!" అంది సీతారావమ్మ.

"అరిగిన బ్రేక్ ప్యాడ్లు తీసి కొత్తవి వేశాను, అంతేగా అత్తయ్యా," అంటూ కోడలు హారిక స్టీరింగ్ ముందు కూర్చుంది.

"అయితే నిమ్మకాయ తొక్కించి, ఆపి చూపించు. అప్పుడెక్కుతా."

చక్రం ముందు కాయ పెట్టి ఆమె పక్కకు జరిగింది. హారిక గేరు వేసింది. అంతలో కాయ దొర్లింది. దాన్ని సర్దబోయి సీతారావమ్మ మళ్లీ వంగింది. ఎలక్ట్రిక్ కారు. కదిలినా చప్పుడు లేదు.

హారిక బ్రేకు తొక్కింది. పెడలు మెత్తగా అడుగుకు దిగిపోయింది. కొత్త ప్యాడ్లు వేశాక, పెడలు గట్టిపడేదాకా తొక్కాకే బండి తియ్యాలి. మర్చిపోయింది!

"అత్తయ్యా, చెయ్యి తియ్యండి!"

మళ్లీ తొక్కింది. మళ్లీ. ఈసారి పెడలు బిగిసింది. టైరు అత్తగారి వేళ్లకు బెత్తెడు దూరంలో ఆగింది.

సీతారావమ్మ నెమ్మదిగా లేచింది. నలగని కాయను గుప్పిట్లో పట్టుకుని, చుట్టూ తిరిగొచ్చి ముందు సీట్లోనే కూర్చుంది.

"అత్తయ్యా... తప్పు నాదే. ముందే బ్రేకు..."

"చూశాలేవే నీ మొహం. ఆపావుగా."

సీటు బెల్టు రెండుసార్లు లాగి వదిలేసింది.

"ఇది కాస్త నువ్వే పెట్టు. నాకు చేతులాడట్లా."