వరండాలో కూర్చున్నవాడు

“ఎవరయ్యా అది, వరండాలో ఏడుస్తోంది?”

రామాంజనేయులు మాస్టారి గొంతు విని, వెంకటరావమ్మ చదవడం ఆపింది.

అది 1957. అద్దంకిలో ప్రతి ఆదివారం సాయంత్రం పదిమంది పుస్తకప్రియులు గ్రంథాలయంలో కూడేవారు. ఆ వారం ఎవరేం చదివారో చెప్పుకునేవారు. నచ్చిన చోట్లు పైకి చదివి వినిపించేవారు.

“ఆత్మకథలన్నీ సొంతడబ్బాలేనమ్మా,” అని మాస్టారు ఎప్పుడూ వెక్కిరించేవారు.

ఆడపిల్లల బడిలో పంతులమ్మ వెంకటరావమ్మకి ఆత్మకథలంటే ప్రాణం. ఒకనాడు కొత్త పుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

“ఇది చదివి అప్పుడు మాట్లాడండి.”

క్విట్ ఇండియా రోజుల్లో జైలుకెళ్లిన ఒకాయన జ్ఞాపకాలవి. చాలాభాగం జైల్లోనే దొంగచాటుగా రాశాడట.

మాస్టారు రెండు రోజుల్లో పూర్తిచేశారు. “అన్నం సహించలేదమ్మా. ఇది అందరికీ చదివి వినిపించాల్సిందే,” అన్నారు.

నాలుగు ఆదివారాలుగా అదే చదువుతున్నారు. నాలుగు ఆదివారాలుగా ఒక ముసలాయన వచ్చి వరండాలో కూర్చుని వింటున్నాడు.

పేరు ఉస్మాన్. బుల్లయ్యగారి మిరపకాయల గోదాముకి కాపలాదారు. ఏడాది క్రితం భార్యతో ఎక్కడినుంచో వచ్చాడు. చదువు రాదు.

“ఏమయ్యా, ఎందుకేడుస్తున్నావు?” మాస్టారు బయటికి వచ్చి అడిగారు.

ఉస్మాన్ లేచి నిలబడ్డాడు.

“ఆ లాఠీదెబ్బల సంగతి చదివారు కదండి. ఆ రోజు నేనక్కడే ఉన్నానండి.”

“ఖైదీగానా?” వెంకటరావమ్మ ఆత్రంగా అడిగింది.

“కాదమ్మా. వార్డరుని.”



“ఆయన్ని కొట్టావా?” అన్నారు మాస్టారు.

“కొట్టానండి. జైలరు నిలబడి చూస్తుంటే...”

“చాలు!”

“ఆ తర్వాత జరిగింది కూడా వినండయ్యా. ఒక్క మాట...”

“దొరల ఉప్పు తిని మనవాళ్ల వీపులు చీల్చావు. నీ దగ్గర మేం వినేదేంటి? దిగు కిందికి!”

“ఆ ఒక్క మాటా విందాం మాస్టారూ,” అంది వెంకటరావమ్మ మెల్లగా.

“అంతా పుస్తకంలో ఉంది కదమ్మా. ఇంకేం వింటాం?”

ఉస్మాన్ మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మర్నాడే మాస్టారు గోదాముకి వెళ్లారు.

“దేశద్రోహిని కాపలా పెట్టుకున్నావేంటయ్యా బుల్లయ్యా?”

సాయంత్రానికి ఉస్మాన్ పని పోయింది.

ఊళ్లో ఇంకెవరూ పని ఇవ్వలేదు. పొలాల్లో కల్లాల మీద మిరపకాయలు ఎండబోసే పనికి పోయాడు. అరవై దాటిన ఒళ్లు. ఎండకీ ఘాటుకీ దగ్గు పట్టుకుంది. గ్రంథాలయం ముందునుంచి పోతూ ఒక్కోసారి ఆగేవాడు. లోపల ఎవరైనా తలెత్తి చూస్తే కదిలిపోయేవాడు.

మూడు నెలల్లో చచ్చిపోయాడు.

“చేసుకున్నవాడికి చేసుకున్నంత,” అన్నారు మాస్టారు. ఆ ఆదివారం వాళ్లు కొత్త పుస్తకం మొదలుపెట్టారు.

మరుసటి ఏడు ఆ జ్ఞాపకాలు రాసినాయనే అద్దంకి వచ్చాడు. గ్రంథాలయం నిండిపోయింది. దండ వేసి కూర్చోమంటే ఆయన కూర్చోలేదు.

“ఈ ఊళ్లో ఉస్మాన్ అని ఒకాయన ఉన్నాడని తెలిసింది. ఏడీ?”

మాస్టారు గర్వంగా నవ్వారు.

“ఆ వార్డరేనా? మిమ్మల్ని కొట్టినవాణ్ణి ఊరికే వదులుతామా అండీ! ఈ మెట్లమీంచి దించేశాం. పనిలోంచి తీయించాం. పోయాడు కూడాను.”

రచయిత మెడలో దండ తీసి బల్లమీద పెట్టాడు.

“కొట్టిన మాట నిజమే. ఆ తర్వాత జరిగింది కూడా రాశాను. పుస్తకం లావైందని అచ్చుకిచ్చేటప్పుడు ఆ ప్రకరణం నేనే తీసేశాను.”

“ఏముందండీ అందులో?” అని అడిగింది వెంకటరావమ్మ.

“నేను రాసిన కాగితాలు కొన్ని కొన్నిగా జైలు దాటించి, చివరి కట్టతో పట్టుబడి, అవి ఎవరివో చెప్పనందుకు నా పక్కగదిలోనే రెండేళ్లు ఖైదీగా ఉన్నాడమ్మా, ఉస్మాన్.”